స్వర సహోదరులు మళ్ళీ పాడిన మధ్యాహ్నం

కబురు అందిన రోజు నుంచీ అక్కయ్యకి ఒకటే అనుమానం. ఈ నలుగురిలో ఎవరో పోబోతున్నారు.

లేకపోతే ఎందుకు కలుస్తారు? తలో ఊళ్ళో తలో పని చేసుకుంటూ, పెళ్ళాం పిల్లలతో హాయిగా కాపురాలు చేసుకుంటున్న నలుగురు మగవాళ్ళు, జుట్టు రాలి పొట్టలు పెరిగాక, ఉన్నట్టుండి "మళ్ళీ ఒక్కసారి పాడదాం" అని ఎందుకనుకుంటారు? ఆ 'ఒక్కసారి' అన్న మాటే ఆవిడకి మింగుడు పడలేదు. ఒక్కసారి అంటే ఆ తర్వాత ఇంక లేనట్టేగా!

వాళ్ళ క్రైస్తవ సంఘంలో వాద్యాలుండవు. పియానో గానీ గిటారు గానీ ఏదీ గుడి గుమ్మం దాటి లోపలికి రాదు. దేవుడిచ్చిన గొంతు ఉండగా ఇంకోటి దేనికన్నది పెద్దల నాటి నుంచీ వస్తున్న పద్ధతి. అందుకని ఆ సంఘంలో పుట్టిన ప్రతి పిల్లా పిల్లాడూ మాటలతోపాటే పాట నేర్చుకుంటారు. అదీ అందరూ ఒకటే వరస కాదు, ఎవరి గొంతుకి తగ్గ వరస వాళ్ళు. అలా పెరిగిన నలుగురు కుర్రాళ్ళు ఒకప్పుడు జట్టుకట్టి 'స్వర సహోదరులు' అని పేరు పెట్టుకున్నారు. ఒకడు పైన పాడేవాడు, ఒకడు అడుగున, ఇద్దరు మధ్యలో. కళ్ళు మూసుకుని వింటే ఏదో పెద్ద వాద్యం మోగుతున్నట్టే ఉండేది.

ఆ అడుగు గొంతు అక్కయ్య తమ్ముడిది. తల్లి పోయాక వాణ్ణి ఒడిలో వేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడకి కుట్టుపని దుకాణం ఉంది. దాని వెనక గదిలో, గుడ్డ ముక్కల మధ్య, స్వర సహోదరులు పొద్దస్తమానం సాధన చేసేవాళ్ళు. అంచులు మడిచి కుట్టుకుంటూ వింటూ వింటూ నలుగురి వరసలూ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. ఎవడు తప్పినా మిషను మీంచి తలెత్తి ఒక చూపు చూసేది. ఆ చూపుకి దొరికినవాడు మళ్ళీ మొదటి నుంచీ అందుకునేవాడు.

తర్వాత ఏ గొడవా లేకుండానే విడిపోయారు. ఒకరికి బదిలీ, ఒకరికి పెళ్ళి, తమ్ముడికి దూరపు ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం. కొట్టుకుని విడిపోయినా బాగుండేదని అక్కయ్య అంటూ ఉండేది. తిట్టుకోవడానికైనా ఎవరో ఒకరు మిగిలేవాళ్ళు కదా!

అసలు ఎవరు ఊరెళ్తున్నా ఆవిడకి ప్రాణం మీదకొచ్చేది. బస్సు కిటికీ పట్టుకుని వదిలేది కాదు. కండక్టరు వచ్చి వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చేది. అందుకే ఇంట్లోవాళ్ళందరికీ ఆవిడ దగ్గర ప్రయాణాలు దాచడం అలవాటైపోయింది. "అలా బజారుదాకా వెళ్ళొస్తానక్కా" అని చెప్పి తమ్ముడు ఏకంగా ఊరికి చేరాక ఫోన్ చేసిన రోజులున్నాయి. ప్రయాణమే దాచేవాడు రోగం దాచడా?

కచేరీకి కొద్దిరోజుల ముందు నలుగురూ దుకాణానికి వచ్చారు. పాత నీలం కోట్లు అక్కయ్య పెట్టెలోనే ఉన్నాయి. అవే సరిచేయించుకుని వేసుకుంటామని లెక్కల మాస్టారు పట్టుబట్టాడు. జట్టుకి పెద్ద ఆయనే. శ్రుతి ఇచ్చేదీ, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్పేదీ ఆయనే.

"పాతవే కావాలక్కయ్యా. జనం మమ్మల్ని గుర్తుపట్టాలిగా!"

"జనం గుర్తుపడతారు నాయనా. కోటే మిమ్మల్ని గుర్తుపట్టదు."

పళ్ళ డాక్టరు నవ్వాడు. పై గొంతు ఆయనది. మనిషి ఎంత లావెక్కినా గొంతు మాత్రం అప్పటిలాగే సన్నగా ఉంది. బేకరీ ఆయన తన కోటు ఒంటికి ఆనించుకుని అద్దంలో చూసుకుని, "ఇది నాదేనా, మా అబ్బాయిదా?" అన్నాడు.

పాడేవాళ్ళ కోటు కొలవడానికి అక్కయ్యకి ఒక పద్ధతి ఉంది. టేపు చూడగానే ఏ మగవాడైనా పొట్ట లోపలికి లాక్కుంటాడు. పక్కన ఇంకో ముగ్గురు మగవాళ్ళుంటే మరీనూ. అందుకని ఆవిడ ముందు వాళ్ళచేత ఒక చరణం పాడించి, ఆఖరి స్వరం పట్టి నిలబెట్టమని, ఆ ఊపిరి మీద కొలిచేది. అప్పుడే పక్కటెముకల దగ్గర ఎంత వదులు కావాలో తెలిసేది.

ఆ రోజు తమ్ముడితో మొదలుపెట్టింది. కుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గుండుసూదులు నోట్లోంచి తీసి, మిగతావాళ్ళకి వినబడకుండా మెల్లగా అడిగింది.

"ఒరేయ్, నీ ఒంట్లో ఏమైనా ఉంటే నాకు చెప్పు. దాచకు. నేను తట్టుకుంటాను."

తమ్ముడు ఉలకలేదు, పలకలేదు. కిటికీలోంచి వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. అదే సమయానికి మాస్టారూ డాక్టరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అక్కయ్య కంటబడింది. మాస్టారు వెంటనే గొంతు పెంచి, "బేకరీ మూసేసి పారిపోయి వచ్చావుటగా, ఏమంటోంది మీ ఆవిడ?" అంటూ మాట మార్చేశాడు.

అక్కయ్యకి ఇంక అనుమానం లేదు. చరణం లేదు, స్వరం లేదు, పాడించాలన్న సంగతే గుర్తులేదు. గబగబా టేపు చుట్టి ఏ అంకె కనబడితే ఆ అంకె రాసుకుంది. పొట్టలు లాక్కుని వాళ్ళూ ఊపిరి బిగబట్టారు, ఆవిడా ఊపిరి బిగబట్టే కొలిచింది.

ఆ తర్వాత రోజుల్లో ఆవిడ చూసిందంతా ఆవిడ భయానికి సాక్ష్యం పలికింది. తమ్ముడు ఇంట్లో ఏ కుర్చీలో పడితే ఆ కుర్చీలో కూర్చోవడం లేదు. చుట్టూ తిరిగి వెళ్ళి మరీ గోడవైపు కుర్చీ వెతుక్కుంటున్నాడు. నీరసం కాబోలు, జారగిలబడడానికి. అందరూ నవ్వాక కాసేపాగి నవ్వుతున్నాడు. మనసులో ఎంత దిగులుంటే నవ్వు అంత ఆలస్యంగా వస్తుంది! పైగా మునుపెన్నడూ లేనట్టు ఆవిడ వంటింట్లో మాట్లాడుతుంటే వచ్చి ఎదురుగా నిలబడి కళ్ళార్పకుండా మొహంలోకి చూస్తున్నాడు. కడసారి చూపు అంటే ఇదేగా అనుకుని ఆవిడ పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది.

శనివారం మధ్యాహ్నం, ఓ బడి హాలు. లేస్తే ఠపామని మూసుకునే చెక్క కుర్చీలు. అక్కయ్య అందరికంటే ముందొచ్చి మధ్య వరసలో కూర్చుంది. పక్కన బేకరీ ఆయన భార్య చేరింది. ఆవిడ వచ్చిందంటే నిశ్శబ్దం సెలవు తీసుకున్నట్టే.

"వదినా, ఈయనగారు వారం నుంచీ స్నానాల గదిలోంచి బయటికి రావడం లేదు. సాధనట! మా కుక్క ఇల్లు వదిలి పక్కింట్లో ఉంటోంది."

"పాపం."

"పాపం కుక్కా, నేనా? అదేంటి వదినా, మొహం అలా పెట్టావు? ఇది సంబరం!"

"సంబరాలకీ ఓ కారణం ఉంటుందమ్మా," అంది అక్కయ్య నిట్టూరుస్తూ.

తెర పక్కనుంచి నలుగురూ నీలం కోట్లలో వచ్చారు. హాలంతా చప్పట్లు. మాస్టారు మెల్లగా శ్రుతి ఇచ్చాడు. నలుగురూ ఛాతీ నిండా ఊపిరి పీల్చారు.

పీల్చబోయారనాలి. కోట్లు పీల్చనివ్వలేదు. మొదటి పాదం సగంలోనే తెగింది. డాక్టరు పై స్వరం అందుకున్నాడు గానీ పొయ్యి మీంచి దింపిన కెటిల్ కూతలా అది మధ్యలోనే నీరుగారిపోయింది. రెండో పాదంలో బేకరీ ఆయన పట్టుదలగా ఊపిరి లాగేసరికి బొత్తాం ఒకటి తెగి, గాల్లోకి లేచి, ముందు వరసలో పాస్టరుగారి ఒళ్ళో పడింది. పాస్టరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, కానుక అందుకున్నంత మర్యాదగా తల వంచారు.

అక్కయ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, పాడించకుండా కొలిచాను! అది నా చేతి పనే!"

"మంచి పని చేశావు వదినా. ఆయన నడుం ఎంతుందో ఊరందరికీ తెలిసింది," అంది బేకరీ ఆవిడ, నవ్వాపుకోలేక కుర్చీలో ఊగిపోతూ.

పాట ఎలాగో గట్టెక్కింది. బేకరీ ఆయన ముందుకొచ్చి జనానికి వందనం చేసి, "ఈ కోట్లు మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పటివండీ. వాటికి ఆ కుర్రాళ్ళే కావాలిట. మేం నచ్చలేదు," అని విప్పి వేదిక మెట్ల రెయిలింగు మీద పడేశాడు. మిగతా ముగ్గురూ విప్పారు. హాలు ఘొల్లుమంది. చొక్కా చేతులు పైకి మడుచుకుని రెండో పాట ఎత్తుకునేసరికి, ఇన్నేళ్ళూ ఎక్కడో దాక్కున్న ఆ పాత గొంతు, నాలుగు గొంతుల ఒక్క గొంతు, ఒక్కసారిగా హాలంతా నిండిపోయింది. బేకరీ ఆవిడ కూడా నోరు మూసుకుంది.

కానీ కోట్లు పోయాక అక్కయ్యకి ఇంకోటి కనబడింది. వెనకటి రోజుల్లో వాళ్ళు బారుగా, ఎడంగా నిలబడేవాళ్ళు. ఇవాళ తమ్ముడు ఒక చివర నిలబడితే మిగతా ముగ్గురూ అతనికి ఎడమవైపున చలిమంట చుట్టూ చేరినట్టు దగ్గరగా మూగారు. మాస్టారి అరచెయ్యి తమ్ముడి వీపు మీద ఉంది. పాట మొదలైనప్పుడు పెట్టిన చెయ్యి పాట అయిపోయినా తీయలేదు. మూడో పాటలోనూ అంతే.

'పడిపోతాడని పట్టుకున్నాడు,' అనుకుంది అక్కయ్య.

ఇంకో పాటలో తమ్ముడి గొంతు పట్టు తప్పింది. అడుగు స్వరం కాస్త పక్కకి జారింది. వేరే ఊళ్ళో అయితే ఎవరికీ తెలిసేది కాదు. ఆ హాల్లో మాత్రం కూర్చున్న ప్రతివాళ్ళూ పాడుతూ పెరిగినవాళ్ళే. కుర్చీలు కిర్రుమన్నాయి. మాస్టారి వేళ్ళు వీపు మీద గట్టిగా నొక్కుకోవడం కనబడింది. తమ్ముడు సర్దుకున్నాడు గానీ మొహం ఎర్రబడింది.

విరామం అనగానే అక్కయ్య లేచింది. కుర్చీ ఠపామంది.

"ఎక్కడికి వదినా? టీ ఇక్కడికే తెస్తారట."

"వాడెన్నాళ్ళుంటాడో కనుక్కోడానికి."

వేదిక వెనక తరగతి గదిలో బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. నలుగురూ గ్లాసుల్లో వేడినీళ్ళు తాగుతున్నారు. అక్కయ్య తలుపు తోసుకుని వెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఇంక చాలు. నాటకాలు కట్టిపెట్టండి. వీడికి ఏ రోగం?"

మాస్టారు గ్లాసు కింద పెట్టాడు. డాక్టరు పైకప్పు చూశాడు. బేకరీ ఆయన, "నాకు మాత్రం ఆకలి," అన్నాడు. అక్కయ్య చూపు తగలగానే అతనూ పైకప్పు చూశాడు.

తమ్ముడు అందరి మొహాలూ చూసి, "ఏమంటోంది?" అన్నాడు.

"ఏమంటోందా? నువ్వు పోతున్నావని అంటోంది!" మాస్టారు అతని ఎడమ చెవి దగ్గరికి వంగి చెప్పాడు. "ఇంక దాచి లాభం లేదు. నువ్వే చెప్పు."

తమ్ముడు అక్క వంక చూశాడు. నోటి చివర్న నవ్వు మొలిచింది.

"నేను చావడం లేదక్కా. చెవి చచ్చింది."

"ఏ చెవి?"

"కుడిది పూర్తిగా. ప్రెస్సులో మిషన్ల పక్కన అన్నేళ్ళు నిలబడ్డానుగా, అది తినేసింది. ఎడమది సగం పనిచేస్తోంది. అదీ మెల్లగా పోతుందన్నారు."

"ఎప్పటికి?"

"ఎవరూ చెప్పలేరు. అందుకే వీళ్ళకి ఫోన్ చేశాను. వినబడుతుండగానే ఒక్కసారి వీళ్ళ మధ్య నిలబడి పాడాలనిపించింది. నీకు తెలిస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వేడిస్తే నేను పాడలేను."

అక్కయ్య రెండడుగులు ముందుకి వేసింది.

"మరి నేను ఆ రోజు అంతలా బతిమాలి అడిగితే రాయిలా నిలబడ్డావేం?"

"ఎప్పుడడిగావ్?"

"కోటు కొలిచేటప్పుడు!"

"ఏ పక్కనుంచి?"

అక్కయ్య తన చేతులు చూసుకుంది. గాల్లోనే టేపు పట్టుకున్నట్టు పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నది ఏ పక్కో గుర్తు చేసుకుంది. కుడి. కుడి పక్కే. దగ్గర్లో ఉన్న బెంచీ మీద చతికిలబడి, చేతిసంచీతో తమ్ముణ్ణి ఒక్కటి వేసి, ఏడుస్తూ నవ్వడం మొదలుపెట్టింది.

"ఇన్ని రోజుల నుంచీ నిన్ను చంపుతున్నాన్రా వెధవా! ఎన్ని విధాలుగా చంపానో!"

"బాగా చంపావా?"

"సమాధి రాయి మీద ఏం రాయించాలో కూడా ఆలోచించాను."

"ఏం రాయిద్దామనుకున్నావ్?"

"అక్క మాట ఎన్నడూ విననివాడు అని."

డాక్టరు నవ్వుతూ వేడినీళ్ళు పొలమారి దగ్గాడు. బేకరీ ఆయన అతని వీపు మీద పిండి పిసికినట్టు చరిచాడు. అందరూ నవ్వుకున్నాక మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"సంగతేమిటంటే అక్కయ్యా, తాళం వీపు మీద వేళ్ళతో చెప్పగలను. శ్రుతి ఎలా చెప్పను? ఈ హాల్లో గొంతు గోడలకి కొట్టుకుని తిరిగొస్తోంది. వాడికి తన స్వరం సరిగ్గా ఉందో లేదో తెలియడం లేదు. ఆఖరి పాట వీడొక్కడితోనే మొదలవుతుంది, వీడితోనే ఆగుతుంది. అది వదిలేద్దామనుకుంటున్నాం."

"వద్దు," అన్నాడు తమ్ముడు. "దానికోసమే వచ్చాను." బెంచీ చివర గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరు దగ్గు ఆపుకుని, అక్కయ్య వంక వేలు చూపించాడు. "శ్రుతి చూసే మిషన్లు కనిపెట్టక ముందే మనకో మిషనుండేది, మర్చిపోయారా? మనం ఏ మాత్రం తప్పినా ఈవిడ మొహం పాలు విరిగినట్టు అయిపోయేది. దాని కంటే మంచి శ్రుతి ఎక్కడ దొరుకుతుంది?"

తమ్ముడు అక్క వైపు తిరిగాడు. "ముందు వరసలో కూర్చుంటావా అక్కా? నా ఎదురుగా? నేను సరిగ్గా ఉంటే మామూలుగా ఉండు. జారితే నీ మొహమే చెప్తుంది. దాచడం నీకెలాగూ రాదు."

"రాదు నాయనా. నేర్చుకోలేదు."

రెండో సగం మొదలయ్యేసరికి పాస్టరుగారు తన కుర్చీ ఖాళీ చేసి బొత్తాం పట్టుకుని పక్కకి జరిగారు. అక్కయ్య అందులో కూర్చుని, ఫోటోకి కూర్చున్నట్టు వీపు నిటారుగా పెట్టింది. సంగతేదో ఉందని వాసన పట్టిన బేకరీ ఆవిడ తన టీ గ్లాసుతో సహా వచ్చి పక్కన చేరింది.

మొదటి రెండు పాటలూ బ్రహ్మాండంగా సాగాయి. ఒకసారి అడుగు స్వరం జారబోయింది, అక్కయ్య ముక్కు ముడుచుకుంది, తమ్ముడు వెంటనే పైకి సర్దుకున్నాడు. ఆవిడకి మహా గర్వంగా అనిపించింది. ఆ గర్వంలో ఉండగా హఠాత్తుగా దుకాణంలో ఇస్త్రీపెట్టె గుర్తొచ్చింది. ఆపానా? ఆపలేదా? నుదురు ముడిపడింది. తమ్ముడు కంగారుపడి, చక్కగా ఉన్న స్వరాన్ని దింపేశాడు. మాస్టారు మెడ తిప్పి చూశాడు. డాక్టరు పై గొంతుతో దాన్ని కప్పేయబోయాడు. "కాదురా, కాదు, ఇస్త్రీపెట్టె!" అని అక్కయ్య పెదవులతో చెప్పింది. తమ్ముడికి ఏం అర్థమైందో గానీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే గొంతు సరైన చోటికి వచ్చేసింది.

అప్పటి నుంచీ ఆవిడ ఇంకే ఆలోచనా దగ్గరికి రానివ్వలేదు. కాలిపోతే కాలిపోనీ దుకాణం. పళ్ళన్నీ కనబడేలా చిరునవ్వు పెట్టుకుని కూర్చుంది.

ఆఖరి పాట వచ్చింది. అది సంఘంలో కూడిక ముగిసి ఇళ్ళకి వెళ్ళేముందు పాడే పాట. మళ్ళీ కలిసేదాకా దేవుడు మీకు తోడుండాలని చెప్పే పాట. ఎవరు ఊరు విడిచి వెళ్తున్నా ఆ పాటే. అక్కయ్య తల్లిని సమాధికి సాగనంపినప్పుడూ అదే, భర్తని పంపినప్పుడూ అదే. దాని మొదటి స్వరం వినబడితే చాలు, ఆవిడ కళ్ళు కుళాయిలయ్యేవి.

మాస్టారు శ్రుతి ఇచ్చి, చెయ్యి తమ్ముడి వీపు మీద పెట్టాడు. తమ్ముడు ఊపిరి తీసుకున్నాడు. ఈసారి అడ్డుకోవడానికి కోటు లేదు. నేల అడుగు నుంచి వచ్చినట్టు ఆ స్వరం ఒంటరిగా, మెల్లగా లేచింది. అతని కళ్ళు అక్క మొహం మీంచి కదల్లేదు.

స్వరం సరిగ్గా ఉంది. సరిగ్గా అంటే సరిగ్గా. ఆ వెనక గదిలో కుర్రాడిగా ఉన్నప్పుడు కూడా వాడు అంత నిలకడగా పాడలేదు. మిగతా మూడు గొంతులూ ఒకదాని వెనక ఒకటి వచ్చి దాని మీద నిలబడ్డాయి. వెనక వరసల్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుళ్ళు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. బేకరీ ఆవిడ గ్లాసు కింద పెట్టి భోరుమంది.

అక్కయ్య ఏడవలేదు. ఏడిస్తే మొహం ముడుచుకుంటుంది. మొహం ముడుచుకుంటే వాడు తప్పాననుకుంటాడు. కళ్ళ వెనక నీళ్ళు నిండాయి. అయినా పెదవులు విప్పిన చోటే ఉంచింది. బుగ్గలు సలుపుతున్నాయి, గడ్డం వణుకుతోంది, పళ్ళు బిగించి దాన్ని ఆపింది. జీవితంలో మొట్టమొదటిసారి ఒక వీడ్కోలుకి ఎదురుగా కూర్చుని, చివరిదాకా కళ్ళెత్తి చూసింది.

మూడు గొంతులూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. తమ్ముడిది మాత్రమే మిగిలింది. అడుగున, పొడుగ్గా, ఎక్కడా జారకుండా.

"తీసుకో వదినా," అంటూ బేకరీ ఆవిడ తన తడి రుమాలు ఆవిడ చేతిలో కుక్కబోయింది.

అక్కయ్య చూపు మరల్చకుండా, నవ్వు చెదరనివ్వకుండా, ఆ చేతిని పక్కకి తోసింది.

"ఆగమ్మా. వాడింకా పాడుతున్నాడు."